పోసినది ఎక్కడికి పోయెను? : ఒక పాత కారు బ్రేకుల పాఠము

విద్యార్థులారా! మన పాఠశాల షెడ్డులో నున్న చిన్న నల్ల కారును మీరందఱు నెఱుగుదురు. అది 1951వ సంవత్సరపు మారిస్ మైనరు. వయస్సులో మాకంటె పెద్దదైనను ఇంతవరకు మమ్ము త్రోవలో దిగవిడువలేదని మేము పలుమారులు గొప్పగా చెప్పుకొంటిమి. ఆ గర్వము గడచిన పరీక్షల కాలమున రైలు గేటు కడ నణగిపోయెను. ఆ సంగతిని దాచక వ్రాయుట మా విధి. ఏలయనగా తప్పు మాది, పాఠము అందఱిది.

ఆ యుదయమున ముగ్గురు విద్యార్థులను కారులో నెక్కించుకొని పరీక్షా కేంద్రమునకు బయలుదేఱితిమి. గేటునకు ముందు కొంత పల్లము కలదు. గేటు వేసియున్నది. మేము బ్రేకు పెడలును త్రొక్కగా అది యెప్పటివలె గట్టిగా నిలువక మెత్తగా క్రిందికి దిగి నేలను తాకెను. రెండవమారు, మూడవమారు త్రొక్కితిమి. కొంచెము పట్టెనేగాని కారు నిలువలేదు. వెంటనే గేరు తగ్గించి, హ్యాండు బ్రేకును బలముగా లాగితిమి. గేటునకు బారెడు దూరమున కారు నిలిచెను. పిల్లలకు దెబ్బ తగులలేదు. వారిని ఆటోలో నెక్కించి పంపి, మేము చాలసేపు రోడ్డుప్రక్కను కూర్చుంటిమి. చేతులు వణకుట మానలేదు.

అప్పుడు మాకు జ్ఞప్తికి వచ్చినది ఒక బాలిక యడిగిన ప్రశ్న. దానికి మూడు నెలల ముందునుండి బ్రేకు ద్రవము తగ్గుచుండుటయు, వారమున కొకమారు మేము రెండు చెంచాల ద్రవము పోయుచుండుటయు జరుగుచుండెను. ఒకనాడు ఆ బాలిక చూచి, “మాస్టరుగారూ, పోయిన వారము కూడ పోసినారు కదండీ, అదంతా ఎక్కడికి పోతున్నదండీ?” యని యడిగెను. మేము నవ్వి, “పాత బండి కదమ్మా, త్రాగుచుండును” అని బదులు చెప్పితిమి. తరగతిలో నెవ్వరైన నట్టి యుత్తరము వ్రాసినచో మేము సున్న వేసియుందుము. వారమునకు సుమారు 10 మిల్లీలీటర్ల చొప్పున పండ్రెండు వారములకు 120 మిల్లీలీటర్లు, అనగా ఒక టీ గ్లాసెడు ద్రవము పోయినది. పోయినది ఎక్కడనో ఉండి తీరవలెను గదా! పరీక్షల పనిలో పడి రెండు వారములు పోయుట మఱచితిమి. దాని ఫలము పైన చెప్పితిమి.

బ్రేకు పనిచేయు విధము

మూసియున్న పాత్రలోని ద్రవమును ఒకచోట నొత్తినచో ఆ యొత్తిడి తగ్గక అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు బ్లైజ్ పాస్కల్ చూపెను. ఆయన గ్రంథము ఆయన మరణానంతరము 1663లో అచ్చుపడెను. ఈ సూత్రమును కారు బ్రేకులకు వర్తింపజేసినవారిలో ముఖ్యుడు అమెరికా దేశీయుడగు మాల్కమ్ లాక్‌హీడ్. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులతో వెలువడెను.

మారిస్ మైనరు 1948లో లండను మోటారు ప్రదర్శనమున మొదట కనబడెను. దానిని రూపొందించినవారు ఆలెక్ ఇస్సిగొనిస్. మన దేశమునను ఉత్తరపారాలోని హిందూస్థాన్ మోటార్సువారు దీనినే బేబీ హిందూస్థాన్ అను పేర కొన్నాళ్లు తయారుచేసిరి. దీని నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. డ్రైవరు కాళ్లక్రింద చాసిస్ దూలపు పెట్టెలో మాస్టరు సిలిండరు కలదు. చాపను ఎత్తి, నేలలోని మూత తీసి దానిలో ద్రవము పోయవలెను. అచటనుండి సన్నని ఇనుప గొట్టములు బయలుదేఱును. చక్రములు కదలునవి గనుక ముందు రెండు చక్రముల కడను, వెనుక ఇరుసు కడను మూడు రబ్బరు హోసు పైపు లుండును. ముందు చక్రమునకు రెండేసి, వెనుక చక్రమునకు ఒక్కొక్కటి చొప్పున వీలు సిలిండర్లు కలవు. ఇవి బ్రేకు చెప్పులను డ్రమ్మునకు అదిమి పట్టించును.

ఒక లెక్క చూడుడు. కాలితో 20 కిలోల బలము నుపయోగించితి మనుకొందము. పెడలు అయిదింతలు చేయు తులాదండమైనచో మాస్టరు సిలిండరు పిస్టనుపై 100 కిలోల బలము పడును. ఆ పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లైనచో ద్రవములో నొత్తిడి చదరపు సెంటీమీటరునకు 25 కిలోలు. ఈ యొత్తిడియే ప్రతి వీలు సిలిండరునకును చేరును. ద్రవము నొత్తిన కుదించుకొనదు గనుకనే యిది సాధ్యము. గాలి కుదించుకొనును. గొట్టములో గాలి చేరినచో మన కాలి శ్రమ గాలిని నొక్కుటకే సరిపోవును, చక్రమునకు చేరదు. గేటు కడ జరిగిన దిదియే. ద్రవము అడుగంటగా సిలిండరు గాలిని పీల్చెను.

ఇప్పటి కార్లలో రెండు వేఱు మార్గము లుండుటచే ఒకటి చెడినను రెండవది కొంత పనిచేయును. ఈ పాత కారులో మార్గ మొక్కటియే. ఒక్కచోట తెగినచో నాలుగు చక్రములును బ్రేకు లేనివగును. హ్యాండు బ్రేకు మాత్రము ఇనుప తీగలచే వెనుక చక్రములను లాగునది గనుక దానికి ద్రవముతో పనిలేదు. మమ్ము గాచినది అదియే.

ఇది నూనె కాదు

మనవారు దీనిని “బ్రేకు ఆయిలు” అందురు. ఆ పేరే అనేకులను మోసగించును. తొలినాళ్లలో ఆముదమును స్పిరిటుతో కలిపి వాడిరి. మన పొలములలో పండు ఆముదమే యొకప్పుడు మోటారు బ్రేకులలో నుండెననుట మీకు వింతగా తోచవచ్చును. నేడు సాధారణముగా వాడునది గ్లైకాలు జాతి ద్రవము. దీనికి మూడు గుణములు కలవు. ఒకటి, నీటిలో కలియును. గాలిలోని తేమనుగూడ పీల్చుకొనును. రెండు, రంగును ఊడదీయును. మూడు, ఇంజిను ఆయిలు వంటి ఖనిజ తైలములతో దీనికి పొత్తు కుదురదు. ఖనిజ తైలము తగిలినచో బ్రేకులలోని రబ్బరు ఉబ్బి చెడును.

డాట్ 3 అను తరగతి ద్రవము క్రొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీల సెంటీగ్రేడునకు తక్కువ కాకుండ మఱుగవలెను. తేమ చేరినపిదప 140 డిగ్రీలు చాలును. డాట్ 4కు ఈ యంకెలు 230, 155. తేమ యెంత కీడు చేయునో ఈ తేడాయే చెప్పుచున్నది. అంతేగాక ఆ తేమ సిలిండరు లోపల త్రుప్పు పట్టించును. కాబట్టి రెండేండ్ల కొకమారైనను ద్రవమును పూర్తిగా మార్చవలెను. మేము ఎన్నియేండ్లు మార్చలేదో చెప్పుటకు సిగ్గగుచున్నది.

వెదకిన క్రమము

పాత కార్లపని తెలిసిన యొక వృద్ధ మేస్త్రిగారిని పిలిపించితిమి. ఆయన మొదట పనిముట్టు ముట్టలేదు. “పెడలు మూడు నెలలు గట్టిగానే యున్నదా, మెత్తబడినదా?” యని యడిగెను. ఆ దినమువఱకు గట్టిగానే యుండెనని చెప్పితిమి. ఆయన తలయూచి, “ముందు కడుగుదము, తరువాత చూతము” అనెను.

కారును నాలుగు స్టాండ్లపై నిలిపితిమి. జాకీ ఒక్కటియే ఆధారముగా కారు క్రిందికి ఎన్నడును దూరరాదు. తఱువాత గొట్టములను, కీళ్లను, చక్రముల లోపలి పలకలను తుడిచి పొడి చేసితిమి. తడిమీద తడి కనబడదు. పొడిమీద చిన్న చుక్కయైనను కనబడును. ద్రవమును గుర్తువఱకు నింపి, గాలి తీయించి, చక్రముల క్రిందను నడుమను తెల్ల కాగితములు పఱచితిమి. ఒక విద్యార్థిని పెడలు త్రొక్కి పట్టుమని చెప్పి, మేము దీపముతో ప్రతి కీలును, ప్రతి హోసును చూచితిమి. ఎచ్చటను తడి లేదు.

డ్రమ్ములు విప్పునప్పుడు ఒక హెచ్చరిక. పాత బ్రేకు చెప్పుల లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. దానిని ఊదరాదు, పొడి బ్రష్షుతో తుడువరాదు. నీటితో తడిపి తడిగుడ్డతో తీసి, గుడ్డను సంచిలో కట్టి పాఱవేయవలెను. మేము డ్రమ్ములు విప్పునపుడు విద్యార్థులను దూరముగా నుంచితిమి.

వెనుక యెడమ చక్రపు డ్రమ్ములో తడి కనబడెను. “దొరికినది!” అని మేము సంతోషించితిమి. మేస్త్రిగారు మాత్రము ఒక గ్లాసు నీరు తెప్పించి, ఆ తడిని పుల్లతో తీసి అందులో వేసిరి. అది కలియక పైన తేలెను. కావున అది బ్రేకు ద్రవము కాదు, ఇరుసు నూనె. ఇరుసు చివరనున్న సీలు అరుగుటచే వచ్చినది. అదియు మరమ్మతు చేయదగినదే, ఏలయనగా లైనింగుపై నూనె పడినచో ఆ చక్రము సరిగా పట్టదు. కాని మన ప్రశ్నకు అది యుత్తరము కాదు. మొదట దొరికిన తప్పే వెదకుచున్న తప్పని తలచరాదని ఆ గ్లాసు నీరు మాకు నేర్పెను. సిలికోను ద్రవము వాడిన కారులో మాత్రము ఈ పరీక్ష చెల్లదు. అదియు నీటిలో కలియదు.

మిగిలిన చక్రములలో సిలిండర్ల రబ్బరు తొడుగుల నెత్తి చూచితిమి. అన్నియు పొడిగా నుండెను. అప్పుడు మేస్త్రిగారు మూడు హోసులను బిగింపులతో మూసివేసిరి. పాత హోసు నట్లు బిగించినచో లోపల చీలును గనుక, తఱువాత మార్చదలచిన హోసులకే యిట్లు చేయవలెను. మా హోసులు ఎట్లును మార్చవలసినవే. పెడలును ముట్టక మూడు దినములు కారు నట్లే యుంచితిమి. నాలుగవనాడు చూడగా ద్రవము రూపాయి నాణెపు మందమంత తగ్గియుండెను. కాగితములపై ఒక్క చుక్కయు లేదు.

ఇచ్చట ఆగి ఆలోచింపుడు. హోసులు మూసియున్నవి, కావున చక్రముల దోషము కాదు. ఇనుప గొట్టములు పొడిగానున్నవి. పెడలు త్రొక్కలేదు, కావున ఒత్తిడి లేకయే కారుచున్నది. మిగిలినది మాస్టరు సిలిండరు ఒక్కటియే. కాని నేలపై చుక్క లేదేమి?

మేస్త్రిగారు కట్టెకు తెల్లగుడ్డ చుట్టి చాసిస్ దూలపు పెట్టెలోనికి చొప్పించి తీసిరి. గుడ్డ తడిసి, ఊడిన నల్లరంగుతో బయటకు వచ్చెను. నీటిలో పిండగా ఆ తడి తేలక పూర్తిగా కలిసిపోయెను. సిలిండరు వెనుకనున్న రబ్బరు తొడుగును తీయగా నందులోనుండియు ద్రవము జాఱెను. మూడు నెలలుగా మేము పోసినదంతయు మా కాళ్లక్రిందనే, కంటికి కనబడని పెట్టెలో చేరి, రంగును తినుచుండెను.

పెడలు గట్టిగా నుండుటకు కారణము

మాస్టరు సిలిండరు పిస్టనునకు రెండు రబ్బరు కప్పులు కలవు. ముందుది ఒత్తిడిని పట్టియుంచును. వెనుకది పాత్రలోని ద్రవము బయటికి జాఱకుండ కాచును. ముందుది చెడినచో పెడలును త్రొక్కి పట్టినపుడు అది మెల్లమెల్లగా క్రిందికి దిగును. ద్రవము మాత్రము తగ్గదు. వెనుకది చెడినచో పెడలు గట్టిగానే యుండును, ద్రవము తగ్గును. మా కారులో చెడినది వెనుకది. అందుచేతనే పెడలు మమ్ము హెచ్చరింపలేదు. హెచ్చరించినది తగ్గుచున్న ద్రవ మొక్కటియే. దానికి మేము రెండు చెంచాలు పోసి నోరు మూసితిమి.

మఱియొక సంగతి. డిస్కు బ్రేకులు గల కార్లలో ప్యాడ్లు అరుగుకొలది పాత్రలోని ద్రవము క్రమముగా కొంత దిగుట సహజము. ఎప్పటికప్పుడు సర్దుచుండు డ్రమ్ము బ్రేకులలో అట్లు చెప్పుకొనుటకు వీలు లేదు. ద్రవము ఆవిరియై పోవునదియు కాదు. అందులో మాటిమాటికి ద్రవము తగ్గినచో అది కారుచున్నదనియే యెంచవలెను.

మరమ్మతు

ఈ కారులో మాస్టరు సిలిండరును తీయుట సులభము కాదు. దానిని పట్టియుంచు బోల్టులను లాగుటకు ముందు చక్రపు టార్షను కడ్డీ అడ్డముగా నుండును. మెలిపెట్టిన ఆ కడ్డీలో చాల బలము దాగియుండును గనుక దానిని సడలించుట తెలిసినవారి పని. మేము చూచుచుంటిమేగాని చేయి పెట్టలేదు.

సిలిండరు విప్పి చూడగా లోపలి గోడపై త్రుప్పు తిన్న చిన్న గుంటలు కనబడెను. ఆ గుంటల యంచులే రబ్బరు కప్పు పెదవిని కోసినవి. “క్రొత్త కిట్టు వేసిన చాలదా?” యని యడిగితిమి. “గోడ గరుకుగా నున్నంతకాలము క్రొత్త రబ్బరును కొన్ని నెలలలో కోయును” అని మేస్త్రిగారు బదులు చెప్పిరి. గుంటలు పడిన సిలిండరునకు స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టము తొడిగింపవలెను, లేదా క్రొత్త సిలిండరు వేయవలెను. ఈ కారు భాగములు బ్రిటనులో నేటికిని తయారగుచున్నవి గనుక మేము క్రొత్తదే తెప్పించితిమి. మూడు హోసులును, ఇరుసు సీలును మార్పించితిమి.

కూర్చునపుడు భాగములను కిరసనాయిలుతో గాని పెట్రోలుతో గాని కడుగరాదు. స్పిరిటుతో గాని క్రొత్త బ్రేకు ద్రవముతో గాని కడుగవలెను. పెడలు కడ్డీకిని పిస్టనుకును నడుమ కొంచెము సందు ఉంచవలెను. సందు లేనిచో ద్రవము పాత్రకు తిరిగి పోవు రంధ్రము మూతపడి, బ్రేకులు విడువక పట్టియుండును. చాసిస్ పెట్టెను నీటితో కడిగి, ఆరనిచ్చి, మరల రంగు వేయించితిమి.

పిమ్మట గాలి తీయుట. మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరపు చక్రముతో మొదలిడవలెను. స్టీరింగు కుడివైపుననున్న మన కారులో వెనుక యెడమ, వెనుక కుడి, ముందు యెడమ, ముందు కుడి యను క్రమము. గాలి తీయు మరకు పారదర్శకమగు గొట్టమును తగిలించి, దాని కొనను ద్రవముగల సీసాలో ముంచవలెను. ఒకరు పెడలు త్రొక్కగా మఱియొకరు మరను విప్పుదురు. మరను బిగించిన పిదపనే పెడలును వదలవలెను. బుడగలు రాకుండువఱకు ఇట్లు చేయవలెను. నడుమ నడుమ పాత్రను నింపుచుండవలెను. సీసాలోనికి వచ్చిన ద్రవమును తిరిగి పోయరాదు.

పని ముగిసినపిదప పెడలును కొన్ని నిమిషములు బలముగా త్రొక్కి పట్టితిమి. దిగలేదు. ద్రవపు మట్టమును గుర్తించి ఒక వారము చూచితిమి. తగ్గలేదు. తఱువాత ఆవరణలో నెమ్మదిగా నడిపి, పలుమారులు ఆపి చూచి, ఆ పిదపనే రోడ్డెక్కితిమి.

తీసివేసిన పాత కప్పులు వ్యర్థము కాలేదు. విజ్ఞానశాస్త్రపు గదిలో ఒకదానిని ఇంజిను ఆయిలులోను, మఱియొకదానిని బ్రేకు ద్రవములోను వారము దినము లుంచితిమి. ఆయిలులోనిది ఉబ్బి, ఆ సిలిండరులో దూరకపోయెను. రెండవది అట్లే యుండెను. గదికి వచ్చినవారు ఆ రెంటిని చూడవచ్చును.

ముగింపు

ఆ బాలికను పిలిచి, “అమ్మా, నీ ప్రశ్నకు ఉత్తరము దొరికినది” అని గుడ్డను, కప్పును చూపితిమి. ఆమె చూచి, “అయితే అప్పుడే వెదికియుంటే బాగుండేదండీ” అనెను. ఔను, బాగుండెడిది. తగ్గినదానిని నింపుట మరమ్మతు కాదు; తగ్గుటకు కారణమును కనుగొనువఱకు కొంత గడువు సంపాదించుట మాత్రమే. ఆ గడువును మేము నిద్రలో గడపితిమి. తలిదండ్రులారా, మీ పిల్లలు అడుగు చిన్న ప్రశ్నలను నవ్వి త్రోసివేయకుడు. ఇది మాకు మేము చెప్పుకొనుచున్న మాట గూడ.

అభ్యాసము

1. కాలి బలము 15 కిలోలు, పెడలు అయిదింతలు, పిస్టను వైశాల్యము 3 చదరపు సెంటీమీటర్లు. ద్రవములోని యొత్తిడి యెంత?
2. పెడలు మెల్లగా దిగుచున్నది, ద్రవము తగ్గలేదు. ఏ కప్పు చెడినది?
3. చక్రము లోపల తడి కనబడినది. అది బ్రేకు ద్రవమో, ఇరుసు నూనెయో ఎట్లు తెలిసికొందురు?
4. మీ ఇంట మాటిమాటికి నింపుచున్న దేదైనను కలదా? అది యెక్కడికి పోవుచున్నదో కనుగొని వ్రాయుడు.